పోస్ట్‌గ్రెస్ బైటియా కాలమ్: ఫైళ్లు దాచడానికి ఎంతవరకు పనికొస్తుంది?

"డేటాబేస్‌లో ఫైళ్లు పెట్టకూడదు" అన్న మాట సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో వేదవాక్కులా చెలామణీ అవుతోంది. ఎందుకు పెట్టకూడదని అడిగితే "స్లో అయిపోతుంది" అంటారు. చిన్న ఫైళ్ల విషయంలో అది నిజం కాదు. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో బైట్లను ఉన్నవి ఉన్నట్టు దాచే కాలమ్ రకం పేరు బైటియా. 50 కేబీ ఫొటోను అందులో రాయడం, తిరిగి చదవడం దానికి లెక్కలోని పని కాదు. దెబ్బ తగిలేది బ్యాకప్ దగ్గర, రెప్లికా (డేటాబేస్‌కు వేరే సర్వర్‌లో నడిచే నకలు) దగ్గర, మెమరీ దగ్గర, ఎవరూ చూడని లాగ్ ఫైళ్ల దగ్గర. అది కూడా మొదటి రోజు తెలియదు, డేటా వందల జీబీలకు చేరాక తెలుస్తుంది.

తీర్పు ముందే చెప్పేస్తే: 1 ఎంబీ లోపు ఉండి, తన రో (టేబుల్‌లోని వరుస) పుట్టినప్పుడు పుట్టి అది పోయినప్పుడు పోవాల్సిన ఫైలుకు బైటియా చాలా మంచి చోటు. 1 నుంచి 10 ఎంబీ మధ్య ఉంటే ఎన్ని ఫైళ్లు వస్తాయో లెక్క వేసుకుని దిగాలి. వీడియోలు, సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలర్లు లాంటివి పెట్టాలనుకుంటే వద్దే వద్దు. అయిదుకు మూడున్నర మార్కులు వేయొచ్చు. పోయిన ఒకటిన్నరలో సగం డీఫాల్ట్ సెట్టింగుల వల్ల పోయింది.

ఈ 1 ఎంబీ గీత గాలిలోంచి వచ్చింది కాదు. 2006లో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో జిమ్ గ్రే, మరి ఇద్దరు కలిసి ఎస్‌క్యూఎల్ సర్వర్ 2005 డేటాబేస్‌నూ విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్‌నూ పక్కపక్కన పెట్టి కొలిచారు. 256 కేబీ లోపు వస్తువులకు డేటాబేసే మెరుగు, 1 ఎంబీ దాటితే ఫైల్ సిస్టమే మెరుగు, మధ్యలోవి వాడకాన్ని బట్టి అని తేల్చారు. డిస్కులు మారాయి, పోస్ట్‌గ్రెస్ వేరే ఇంజను. అయినా ఆ గీత ఇప్పటికీ పెద్దగా తప్పడం లేదు. ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌ను తయారుచేసే బృందం 10 కేబీ చిన్న బొమ్మలతో కొలిస్తే విడివిడి ఫైళ్లకన్నా డేటాబేస్‌లోంచి చదవడమే సుమారు 35 శాతం వేగంగా వచ్చింది. కారణం మామూలుదే. ప్రతి ఫైలునూ తెరవడం, మూయడం అన్న పని అక్కడ తప్పిపోతుంది.

లోపల ఏం జరుగుతుంది

పోస్ట్‌గ్రెస్ పేజీ సైజు 8 కేబీ. ఒక రో రెండు పేజీల మీద పరుచుకోవడానికి వీల్లేదు. మరి 1 ఎంబీ పీడీఎఫ్ ఎలా పడుతుంది? రో సైజు సుమారు 2 కేబీ దాటగానే టోస్ట్ అనే ఏర్పాటు పనిలోకి దిగుతుంది. ముందు కుదించి చూస్తుంది. అయినా పట్టకపోతే విలువను సుమారు 2,000 బైట్ల ముక్కలుగా కోసి, అసలు టేబుల్ వెనకాల దాచిన మరో టేబుల్‌లో పేరుస్తుంది. పేజీకి నాలుగు ముక్కలు పడతాయి. అసలు రోలో మిగిలేది ఆ ముక్కల ఆచూకీ మాత్రమే. 50 కేబీ ఫొటో అంటే 26 ముక్కలు, 1 ఎంబీ పీడీఎఫ్ అంటే 526 ముక్కలు. చదివేటప్పుడు ఇండెక్స్ పట్టుకుని ఇవన్నీ ఏరి, వరుసలో అతికించి ఇస్తుంది.

దీనివల్ల ఒక మంచి, ఒక చెడు. మంచి ఏమిటంటే, క్వెరీలో ఆ కాలమ్ అడగకపోతే ముక్కల జోలికే పోదు. ఫైలు పేరు మారుస్తూ అప్‌డేట్ చేసినా ఫైలు బైట్లు కదలవు, పాత ముక్కలనే కొత్త రో కూడా చూపిస్తుంది. చెడు ఏమిటంటే, ఈ ముక్కలన్నీ డేటాబేస్ ఉమ్మడి మెమరీ అయిన షేర్డ్ బఫర్స్ గుండానే ప్రయాణిస్తాయి. దాని డీఫాల్ట్ 128 ఎంబీ. పెద్ద టేబుల్‌ను మొదట్నుంచి చివరిదాకా చదివేటప్పుడు పోస్ట్‌గ్రెస్ చిన్న ఉంగరం లాంటి బఫర్‌తో సరిపెట్టుకుని మిగతా మెమరీని కాపాడుతుంది. టోస్ట్ ముక్కలు ఇండెక్స్ ద్వారా వస్తాయి కనుక ఆ రక్షణ వాటికి వర్తించదు. పదిమంది పెద్ద పీడీఎఫ్‌లు దించుకుంటే రోజూ వాడే టేబుళ్ల పేజీలు మెమరీలోంచి బయటికి పోతాయి. ఫైళ్లతో సంబంధం లేని క్వెరీ ఎందుకు నెమ్మదించిందో అప్పుడు ఎవరికీ అంతుబట్టదు.

డీఫాల్ట్ కుదింపు సంగతి కూడా చూడాలి. బైటియా కాలమ్ స్టోరేజ్ తీరు డీఫాల్ట్‌గా ఎక్స్‌టెండెడ్. అంటే కుదించు, పట్టకపోతే బయట పెట్టు. జేపెగ్, పీఎన్‌జీ, జిప్, డాక్‌ఎక్స్ ఇవన్నీ ముందే కుదించినవి. వాటిని మళ్లీ కుదించబోవడం వృథా. పాత కుదింపు పద్ధతి పీజీఎల్‌జెడ్ మొదటి 1 కేబీలో ఫలితం కనబడకపోతే వదిలేస్తుంది కనుక జేపెగ్‌తో నష్టం తక్కువే. పీడీఎఫ్‌లు మాత్రం మొదట్లో మామూలు అక్షరాలతో ఆశ పెట్టి తర్వాత నిరాశపరుస్తాయి. చాలాదూరం కుదించాక, కనీసం 25 శాతమైనా తగ్గలేదని తేలి ఆ శ్రమంతా పారబోయాల్సి వస్తుంది. 14వ వెర్షన్ నుంచి ఎల్‌జెడ్4 ఎంచుకునే వీలుంది. టెక్స్ట్, ఎక్స్‌ఎంఎల్ లాంటివాటికి అది మేలు.

ఫొటోలు, స్కాన్ పీడీఎఫ్‌లు దాచేవాళ్లు టేబుల్ సృష్టించిన వెంటనే ఆ కాలమ్‌కు సెట్ స్టోరేజ్ ఎక్స్‌టర్నల్ ఇచ్చేయాలి. కుదింపు ఆగిపోతుంది. ఇంకో లాభం కూడా ఉంది: సబ్‌స్ట్రింగ్ ఫంక్షన్‌తో ఫైలు మధ్యలోంచి ఒక భాగం అడిగితే సరిగ్గా ఆ ముక్కలే చదువుతుంది. కుదించి ఉంటే మధ్య భాగం కోసం మొదటినుంచీ విప్పుకుంటూ రావాలి. ఒక్క జాగ్రత్త: ఈ సెట్టింగు కొత్తగా రాసే విలువలకే వర్తిస్తుంది. పాత రోలు పాత తీరులోనే ఉండిపోతాయి. వాటినీ మార్చాలంటే ఆ కాలమ్‌కు ఖాళీ బైటియాను జోడిస్తూ అప్‌డేట్ చేయాలి. అది టేబుల్ మొత్తాన్నీ తిరగరాసే పని కాబట్టి కొన్ని వందల రోల చొప్పున విడతలుగా చేయాలి.

టేబుల్ ఎలా కట్టాలి

ఫైలు బైట్లను ఉద్యోగి టేబుల్‌లోనో, దరఖాస్తు టేబుల్‌లోనో ఒక కాలమ్‌గా పెట్టేయడం అందరూ చేసే మొదటి పొరపాటు. క్వెరీలను మన బదులు తామే రాసే జాంగో, హైబర్నేట్ లాంటివి జాబితా చూపించేటప్పుడు కాలమ్‌లన్నీ అడుగుతాయి. 50 పేర్ల జాబితా కోసం 50 ఫొటోలు ముక్కలన్నీ అతికించుకుని నెట్‌వర్క్ మీద వస్తాయి. జాంగోలో డిఫర్ (ఈ కాలమ్ ఇప్పుడు తేవద్దని చెప్పేది) వాడి ఆపొచ్చు కానీ, కొత్తగా టీమ్‌లో చేరిన కుర్రాడు రాసే క్వెరీని ఎవరు ఆపుతారు?

అందుకని రెండు టేబుళ్లు. మొదటిదాంట్లో ఫైలు వివరాలు: బిగ్‌ఇంట్ ఐడీ, టెక్స్ట్‌గా పేరు, మైమ్ రకం (జేపెగ్గా, పీడీఎఫ్ఫా అని చెప్పే పేరు), బైట్లలో సైజు, 32 బైట్ల షా256 విలువ (ఫైలు బైట్ల నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటిది), అప్‌లోడ్ సమయం. రెండోదాంట్లో రెండే కాలమ్‌లు: ఆ ఐడీ, బైట్లు. ఐడీ ప్రైమరీ కీగానూ, మొదటి టేబుల్‌కు ఫారిన్ కీగానూ ఉంటుంది. మొదటి టేబుల్‌లో రో పోతే బైట్లూ పోయేలా ఆన్ డిలీట్ కాస్కేడ్ తప్పనిసరి. బైట్ల కాలమ్‌కు నాట్ నల్, దాంతోపాటు ఆక్టెట్ లెంగ్త్ (బైట్ల సంఖ్య) 10,48,576, అంటే 1 ఎంబీ మించకూడదని ఒక చెక్. పైపరిమితి అప్లికేషన్ కోడ్‌లో ఉంటే సరిపోదా అంటే, సరిపోదు. రేపు ఇంకో అప్లికేషన్ అదే టేబుల్‌లోకి రాస్తుంది. ఆక్టెట్ లెంగ్త్ లెక్క కోసం ముక్కలు అతికించాల్సిన పని కూడా లేదు, రోలో ఉన్న ఆచూకీలోనే సైజు ఉంటుంది.

షా256 లెక్క 11వ వెర్షన్ నుంచి సర్వర్‌లోనే ఉంది, వేరే ఎక్స్‌టెన్షన్ అక్కర్లేదు. ఒకే ఫైలు రెండుసార్లు వచ్చిందా అని చూడటానికి యునీక్ ఇండెక్స్ ఈ కాలమ్ మీదే వేయాలి, బైట్ల కాలమ్ మీద కాదు. పోస్ట్‌గ్రెస్ మామూలుగా వాడే బీట్రీ ఇండెక్స్‌లో ఒక్కో పద్దు 2,704 బైట్లు మించకూడదు. చిన్న టెస్ట్ ఫైళ్లతో బాగానే నడిచి, అసలు ఫొటో రాగానే ఎర్రర్ కొడుతుంది. డూప్లికేట్లను ఒకే కాపీకి కట్టేయాలనుకునేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి: ఒకరు డిలీట్ కొడితే మిగతావాళ్ల ఫైలు కూడా పోకుండా ఎవరెవరు వాడుతున్నారో లెక్క పెట్టాలి. 50 కేబీ ఫొటోలకు ఆ తలనొప్పి అనవసరం.

వచ్చిన ఫైలు నిజంగా ఆ రకమేనా అన్నది మొదటి కొన్ని బైట్లలోనే తేలుతుంది. జేపెగ్ అయితే హెక్స్‌లో ఎఫ్ఎఫ్ డీ8 ఎఫ్ఎఫ్, పీఎన్‌జీ అయితే 89 50 4ఈ 47, పీడీఎఫ్ అయితే 25 50 44 46. సబ్‌స్ట్రింగ్‌తో ఒక చెక్ పెడితే చాలు. పేరు చివర పీడీఎఫ్ అని పెట్టి ఇంకేదో ఎక్కించే ఆటలు చాలావరకు అక్కడే ఆగుతాయి.

మెమరీ లెక్క

ఒక విలువకు గరిష్ఠ పరిమితి 1 జీబీ అని రాసి ఉంటుంది. ఆ అంకెను నమ్మకండి. టెక్స్ట్ రూపంలో బైటియా బయటికి వచ్చేటప్పుడు ఒక్కో బైటు రెండు హెక్స్ అక్షరాలవుతుంది. 2010లో వచ్చిన 9.0 వెర్షన్ నుంచి ఇదే డీఫాల్ట్. కాబట్టి 500 ఎంబీ దాటిన విలువ హెక్స్‌లోకి మారగానే 1 జీబీ గోడకు కొట్టుకుంటుంది. "ఇన్‌వాలిడ్ మెమరీ అలాక్ రిక్వెస్ట్ సైజ్" అన్న ఎర్రర్ అదే. లోపలికి పోయిన ఫైలు బయటికి రాదు. అంతకన్నా ఘోరం, డేటాబేస్‌ను ఫైలుగా దించే బ్యాకప్ పనిముట్టు పీజీ డంప్ కూడా ఆ రో దగ్గరే ఆగిపోతుంది. అంటే ఒక్క పెద్ద ఫైలు మొత్తం బ్యాకప్‌ను ఆపేస్తుంది.

బైటియాను కొంచెం కొంచెంగా సర్వర్‌కు అందించే దారి లేదు. ఇన్సర్ట్ చేసేటప్పుడు విలువ మొత్తం ఒకేసారి మెమరీలో ఉండాలి, అది కూడా సర్వర్ ప్రాసెస్‌లో ఒకటికి రెండు మూడు కాపీలుగా. 100 ఎంబీ ఫైళ్లు 20 మంది ఒకేసారి ఎక్కిస్తే సర్వర్‌కు 4 నుంచి 6 జీబీ అదనంగా కావాలి. సార్టింగు లాంటి పనుల మెమరీకి హద్దు పెట్టే వర్క్ మెమ్ సెట్టింగు దీన్ని అదుపు చేయదు.

దీన్ని తప్పించుకోవడానికి కొందరు 1 ఎంబీ చొప్పున పంపుతూ ఉన్నదానికి జోడిస్తూ పోతారు. ప్రతి జోడింపుకూ అప్పటిదాకా ఉన్నదంతా కొత్తగా రాయబడుతుంది. 100 ఎంబీ ఫైలుకు 1, 2, 3 అలా 100 దాకా కూడితే 5,050 ఎంబీ రాసినట్టు. అదే మోతాదులో వాల్ లాగ్ (ప్రతి మార్పునూ ముందుగా రాసుకునే చిట్టా) కూడా పెరుగుతుంది. ముక్కలుగానే పెట్టాలనుకుంటే ఫైలు ఐడీ, వరుస సంఖ్య, బైట్లు అని మూడు కాలమ్‌ల టేబుల్ కట్టి ఒక్కో ముక్కను ఒక్కో రోగా పెట్టడమే సరైన పద్ధతి. ముక్క సైజు 256 కేబీ నుంచి 1 ఎంబీ మధ్య ఉంటే బాగుంటుంది.

దించుకునే వైపు కూడా ఒక చిక్కుంది. డేటాబేస్ నుంచి తీస్తూ నేరుగా బ్రౌజర్‌కు పంపుతుంటే, పల్లెలో 2జీ సిగ్నల్ మీద ఉన్న ఫోను ఆ ఫైలు దించుకునేంతసేపూ ఒక డేటాబేస్ కనెక్షన్ ఆ ఫోను చేతిలో ఉన్నట్టే. డీఫాల్ట్ కనెక్షన్లు 100. ఫైలును అప్లికేషన్ మెమరీలోకి పూర్తిగా తీసుకుని, కనెక్షన్ వదిలేసి, ఆ తర్వాత పంపాలి. ఫైళ్లు 1 ఎంబీ లోపే ఉండాలనడానికి ఇదీ ఒక కారణం. షా256 విలువనే ఈట్యాగ్‌గా (బ్రౌజర్ తన దగ్గరున్న కాపీతో పాటు ఉంచుకునే గుర్తుగా) ఇస్తే రెండోసారి అడిగినప్పుడు బైట్లు చదవకుండానే 'మారలేదు' అనే 304 జవాబిచ్చి పంపేయొచ్చు.

డ్రైవర్లు చేసే చిలిపి పనులు

అప్లికేషన్‌ను డేటాబేస్‌తో కలిపే లైబ్రరీయే డ్రైవర్. చెడిపోయిన ఫైలు చేతికి వచ్చినప్పుడు ముందు దాని సైజు చూడండి. అసలు సైజుకు రెట్టింపు, పైన సరిగ్గా 2 బైట్లు ఉంటే హెక్స్ టెక్స్ట్‌ను తిరిగి బైట్లుగా మార్చకుండానే పంపేశారని అర్థం. ఆ 2 బైట్లు మొదట్లో వచ్చే వెనకగీత, ఎక్స్ అక్షరం. పీహెచ్‌పీలో పీజీ క్వెరీ ఫంక్షన్లు టెక్స్టే ఇస్తాయి, పీజీ అన్‌ఎస్కేప్ బైటియా పిలవడం మన పని. అదే పీడీఓ వాడితే స్ట్రీమ్ వస్తుంది, స్ట్రింగ్ రాదు. జావాలో గెట్ స్ట్రింగ్ కాకుండా గెట్ బైట్స్ పిలవాలి. పైథాన్ సైకాప్‌జీ2 మెమరీవ్యూ ఇస్తుంది, దాన్ని బైట్స్‌గా మార్చుకోవాలి. నోడ్ వాళ్లకు ఈ బాధ లేదు, పీజీ ప్యాకేజీ నేరుగా బఫర్ ఇస్తుంది.

సైజు మూడో వంతు పెరిగి ఉంటే ఎవరో బేస్64 చేసి పెట్టారన్నమాట. టెక్స్ట్ కాలమ్‌లో పెట్టడం కోసం ఇలా చేసే అలవాటు చాలామందికి ఉంది. ఎందుకంటే ఉన్న బైట్లను ఉన్నట్టు టెక్స్ట్ కాలమ్‌లో వేస్తే యూటీఎఫ్8కు సరిపడని బైటు అంటూ ఎర్రర్ వస్తుంది. పీఎన్‌జీ మొదటి బైటు 89 దగ్గరే ఆగిపోతుంది. దానికి మందు బేస్64 కాదు, బైటియా కాలమ్.

హైబర్నేట్ వాడేవాళ్లకు వేరే గుంట ఉంది. బైట్ అర్రే ఫీల్డ్ మీద లాబ్ అన్న గుర్తు పెడితే అది పోస్ట్‌గ్రెస్‌లో బైటియాకు కాకుండా లార్జ్ ఆబ్జెక్ట్‌కు (బైట్లను మన టేబుల్ బయట విడిగా దాచే ఏర్పాటుకు) పోతుంది. టేబుల్ కాలమ్ బైటియాగా ఉంటే రకాలు కలవలేదని ఎర్రర్ వస్తుంది. అది మంచిదే, అక్కడే తెలిసిపోతుంది. హైబర్నేటే టేబుల్ సృష్టిస్తే ఓఐడీ (ఆ వస్తువు నంబరు) కాలమ్ పెట్టుకుని నిశ్శబ్దంగా లార్జ్ ఆబ్జెక్టులు పోగేస్తుంది. రో డిలీట్ చేసినా ఆ వస్తువులు పోవు. లాబ్ గుర్తు తీసేయడమే పరిష్కారం.

ఫైలు పేర్ల గురించి తెలుగువాళ్లకు పనికొచ్చే ఒక మాట. లినక్స్ ఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌లో పేరు 255 బైట్లు మించకూడదు. యూటీఎఫ్8లో తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు ఒక్కోటి 3 బైట్లు. అంటే మొత్తం 85 గుర్తులు. 'ముఖ్యమంత్రి సహాయనిధి దరఖాస్తు' లాంటి పేరుకు తేదీ, ఊరు, వార్డు తగిలిస్తే ఆ హద్దు దగ్గరికి తొందరగానే వస్తాం. టెక్స్ట్ కాలమ్‌లో ఈ ఇబ్బందే లేదు. కానీ దించుకునేటప్పుడు హెడర్‌లో తెలుగు పేరు నేరుగా రాస్తే ప్రశ్నార్థకాలు తేలుతాయి. కంటెంట్ డిస్పొజిషన్ హెడర్‌లో నక్షత్రం గుర్తున్న ఫైల్‌నేమ్ వాడి, యూటీఎఫ్8 అని చెప్పి, పేరును పర్సెంట్ ఎన్‌కోడింగ్‌లో ఇవ్వాలి.

బ్యాకప్: అసలు ఖర్చు ఇక్కడ

ఒక ప్రవేశ పరీక్షకు 2 లక్షల దరఖాస్తులు వస్తాయనుకుందాం. ఒక్కోదానికి 50 కేబీ ఫొటో, 20 కేబీ సంతకం. మొత్తం 14 జీబీ. దీన్ని బైటియాలో పెట్టడానికి వెనకాడాల్సిన పనే లేదు. అదే దరఖాస్తుకు 1 ఎంబీ చొప్పున ఆరు సర్టిఫికెట్ల స్కాన్‌లు కూడా అడిగారనుకోండి. 12 లక్షల ఫైళ్లు, 1.2 టీబీ. ఫైలు సైజు ఇంకా 1 ఎంబీయే, కథ మాత్రం పూర్తిగా మారిపోయింది.

మామూలు టెక్స్ట్ రూపంలో పీజీ డంప్ తీస్తే హెక్స్ వల్ల ఆ 1.2 టీబీ 2.4 టీబీ అవుతుంది. కస్టమ్ ఫార్మాట్‌లో తీస్తే కుదింపు వల్ల మళ్లీ తగ్గి అసలు సైజుకు దగ్గరగా వస్తుంది. కానీ బైట్లను హెక్స్‌గా ఉబ్బించి, ఉబ్బినదాన్ని మళ్లీ కుదించడానికి సీపీయూ గంటల తరబడి తిరుగుతుంది. రిస్టోర్‌లో ఇదంతా వెనక్కి. ఫైళ్లున్న డేటాబేస్‌కు పీజీ డంప్‌ను ప్రధాన బ్యాకప్‌గా పెట్టుకోకూడదు. పీజీ బేస్‌బ్యాకప్ లాంటి ఫిజికల్ బ్యాకప్ (డేటాబేస్ డిస్కు ఫైళ్లను ఉన్నవి ఉన్నట్టు కాపీ చేసేది), దాంతోపాటు వాల్ ఆర్కైవ్ ఉండాలి. 17వ వెర్షన్‌లో మారిన భాగాన్ని మాత్రమే తీసే ఇంక్రిమెంటల్ పద్ధతి వచ్చింది. రోజురోజుకూ పెరిగేదే తప్ప మారని ఫైళ్ల టేబుల్‌కు అది సరిగ్గా అతికినట్టు సరిపోతుంది. డెవలపర్లకు కాపీ ఇవ్వడానికి మాత్రం పీజీ డంపే మేలు, ఎక్స్‌క్లూడ్ టేబుల్ డేటా ఆప్షన్‌తో బైట్ల టేబుల్‌ను ఖాళీగా పంపొచ్చు. రెండు టేబుళ్లుగా విడగొట్టడం ఇక్కడ మళ్లీ అక్కరకొస్తుంది.

వాల్ సంగతి. రాసిన ప్రతి బైటూ టేబుల్‌లోకి ఒకసారి, వాల్‌లోకి ఒకసారి పోతుంది. అక్కడినుంచి ప్రతి రెప్లికాకూ, ఆర్కైవ్‌కూ పోతుంది. వాల్ సెగ్మెంట్ 16 ఎంబీ కనుక 10 ఎంబీ ఫైలు ఒక్కటే సగానికి పైగా నింపేస్తుంది. వాల్ కంప్రెషన్ సెట్టింగు ఆన్ చేస్తే తగ్గుతుందనుకుంటారు. అది పూర్తి పేజీ కాపీలను మాత్రమే కుదిస్తుంది, కొత్తగా ఇన్సర్ట్ అయిన బైట్లను కాదు. వాల్ తప్పించుకోవడానికి అన్‌లాగ్డ్ టేబుల్ వాడమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. సర్వర్ క్రాష్ అయి లేస్తే ఆ టేబుల్ ఖాళీ అయిపోతుంది.

సర్వర్ లాగ్‌లో ఇంకో ప్రమాదం దాక్కుని ఉంది. నెమ్మదైన క్వెరీలను లాగ్ చేయమని పెట్టి ఉంటే ఫైలు ఇన్సర్ట్‌లే ముందుగా నెమ్మదైనవిగా తేలతాయి. సైకాప్‌జీ2 లాంటి డ్రైవర్ విలువను క్వెరీలోనే అతికించి పంపుతుంది కాబట్టి ఫైలు మొత్తం హెక్స్‌లో లాగ్‌లోకి దిగుతుంది. డిస్కు నిండటం ఒక సమస్య, జనాల ఆధార్ కాపీలు లాగ్ ఫైల్లో అచ్చవడం ఇంకా పెద్ద సమస్య. విలువలను విడిగా పారామీటర్లుగా పంపే డ్రైవర్ వాడి, 13వ వెర్షన్ నుంచి ఉన్న లాగ్ పారామీటర్ మ్యాక్స్ లెంగ్త్‌ను 100 లాంటి చిన్న అంకెకు కట్టడి చేయాలి.

డిలీట్ చేస్తే డిస్కు ఖాళీ అవుతుందనుకోవడమూ పొరపాటే. పాత రోలను శుభ్రం చేసే వ్యాక్యూమ్ ఆ చోటును తిరిగి వాడుకోవడానికి విడిపిస్తుందే తప్ప ఆపరేటింగ్ సిస్టమ్‌కు అప్పగించేది చాలా అరుదు. వ్యాక్యూమ్ ఫుల్ అప్పగిస్తుంది. కానీ అది నడిచేంతసేపూ టేబుల్‌కు తాళం పడుతుంది, కొత్త కాపీకి సరిపడా చోటు కూడా ముందే ఉండాలి. డిస్కు నిండిపోయాక ఈ మందు వేయలేం. ఫైళ్లకు గడువు ఉంటే, అంటే రెండేళ్ల తర్వాత తీసేసేవైతే, టేబుల్‌ను మొదట్లోనే నెలలవారీగా పార్టిషన్ చేయాలి, అంటే ముక్కలుగా విడగొట్టాలి. గడువు తీరిన నెలను డ్రాప్ చేస్తే క్షణంలో డిస్కు ఖాళీ అవుతుంది. పార్టిషన్ కీ ప్రైమరీ కీలో భాగంగా ఉండాలన్న నియమం వల్ల తేదీని రెండు టేబుళ్లలోనూ మోయాలి, అంతే.

సైజు చూసేటప్పుడు పీజీ రిలేషన్ సైజ్ వాడితే టోస్ట్ లెక్కలోకి రాదు. 1 టీబీ టేబుల్ కొన్ని ఎంబీలే అని చూపిస్తుంది. పీజీ టోటల్ రిలేషన్ సైజ్ వాడాలి.

మిగతా దారులు

లార్జ్ ఆబ్జెక్ట్‌కు 4 టీబీ దాకా పరిమితి, కొంచెం కొంచెంగా చదివే, రాసే వీలు ఉన్నాయి. బైటియాకు లేనివి సరిగ్గా ఇవే. కానీ డేటాబేస్ మొత్తానికీ ఒకే సిస్టమ్ టేబుల్‌లో పడి ఉంటాయి. పార్టిషన్ చేయలేం, రో లెవెల్ సెక్యూరిటీ పెట్టలేం, ఫారిన్ కీ లేదు. ఏ రో చూపించని అనాథలను ఏరడానికి వ్యాక్యూమ్ఎల్ఓ అనే పనిముట్టు విడిగా నడపాలి. ఒకే ట్రాన్సాక్షన్‌లో లక్షల వస్తువులు తీసేయబోతే తాళాల పట్టిక నిండి షేర్డ్ మెమరీ చాలలేదని ఆగిపోతుంది. ఆ పనిముట్టు డీఫాల్ట్‌గా వెయ్యి చొప్పున తీసేది అందుకే. కొత్త ప్రాజెక్టుకు సిఫారసు చేయదగినది కాదు.

మైఎస్‌క్యూఎల్ వాళ్లు బ్లాబ్ అన్న పేరు చూసి మోసపోవద్దు. దాని పరిమితి 65,535 బైట్లే. స్ట్రిక్ట్ మోడ్ లేని పాత సర్వర్లలో మిగతాది కోసేసి ఊరుకుంటుంది, ఫొటో పైసగం కనబడి కిందిసగం బూడిదరంగులో వస్తుంది. మీడియంబ్లాబ్ 16 ఎంబీ, లాంగ్‌బ్లాబ్ 4 జీబీ. అయినా మ్యాక్స్ అలౌడ్ ప్యాకెట్ 8.0 సర్వర్‌లో డీఫాల్ట్‌గా 64 ఎంబీ, ముందు అడ్డం తగిలేది అదే. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 2008 నుంచి ఉన్న ఫైల్‌స్ట్రీమ్ ఈ తగవును తెలివిగా తీర్చింది: బైట్లు ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో, అదుపు ట్రాన్సాక్షన్ చేతిలో. పోస్ట్‌గ్రెస్‌లో అలాంటిది లేకపోవడం పెద్ద లోటు.

ఫైళ్లను బయట ఆబ్జెక్ట్ స్టోరేజ్‌లో (ఫైళ్ల కోసమే ఉండే నెట్‌వర్క్ నిల్వలో) పెట్టి కాలమ్‌లో చిరునామా మాత్రం ఉంచడం పెద్ద ఫైళ్లకు సరైన పద్ధతి. జీబీకి అయ్యే ఖర్చు డేటాబేస్ డిస్కుకన్నా బాగా తక్కువ. దానికి ఇచ్చే మూల్యం వేరు. ఫైలు ఎక్కాక ట్రాన్సాక్షన్ రోల్‌బ్యాక్ అయితే అనాథ ఫైలు మిగులుతుంది. రో మిగిలి ఫైలు పోతే ఇంకా కష్టం. డేటాబేస్‌ను నిన్నటి సాయంత్రానికి రిస్టోర్ చేస్తే ఫైళ్లు మాత్రం ఇవాళ్టివే ఉంటాయి. వీటిని సరిచూసే జాబ్ ఒకటి రాసి రోజూ రాత్రి నడపాలి. బైటియాలో ఈ మూడు బాధలూ లేవు. జీతాల స్లిప్పులు, సంతకాలు, హాల్‌టికెట్ ఫొటోలు, లీగల్ నోటీసుల కాపీలు లాంటివాటికి దాన్ని గట్టిగా సిఫారసు చేయడానికి కారణం ఇదే.

ఎటూ తేల్చుకోలేకపోతే వివరాల టేబుల్‌లో 'చోటు' అని ఒక కాలమ్ మొదటి రోజే పెట్టుకోండి. విలువ ఖాళీగా ఉంటే ఫైలు బైటియాలో ఉన్నట్టు, చిరునామా ఉంటే బయట ఉన్నట్టు. రేపు తరలించాల్సి వస్తే 500 రోల చొప్పున తీసుకుని బయటికి కాపీ చేయాలి. బయటి కాపీని తిరిగి చదివి షా256 సరిచూడాలి. సరిపోయినవాటికే చోటు నింపి, అదే ట్రాన్సాక్షన్‌లో బైట్ల రో తీసేయాలి. ఒకటీ అరా ఫైలును చేత్తో బయటికి తీసి చూడాలంటే ఎన్‌కోడ్ ఫంక్షన్‌తో హెక్స్‌గా మార్చి కాపీ కమాండ్‌తో తెరమీదికి తెచ్చి, ఎక్స్‌ఎక్స్‌డీ పనిముట్టుకు ఆర్, పీ ఆప్షన్లతో అందిస్తే అసలు ఫైలు వస్తుంది. ఎన్‌కోడ్‌లో బేస్64 ఎంచుకుంటే ప్రతి 76 అక్షరాలకూ కొత్త లైను చొప్పిస్తుంది, కాపీ కమాండ్ ఆ లైన్లను వెనకగీత, ఎన్ అక్షరంగా రాసేస్తుంది, ఫైలు తెరుచుకోదు. హెక్స్‌తో ఆ బెడద ఉండదు.